పవిత్రన్ గారి నిండు కంటైనర్

నిమిష మొదటిసారి ముహమ్మలోని పవిత్రన్ గారి ఫ్యాక్టరీకి వచ్చినప్పుడు ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కొలిచే టేపు ఉన్నాయి. వచ్చీ రాగానే గొడుగు మూసి టేపు తెరిచింది. నమస్కారం తర్వాత పెట్టింది.

ఫ్యాక్టరీ అంటే మరీ పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఆరు మగ్గాలు, గాలినిండా కొబ్బరిపీచు దుమ్ము, వెనకాల కాలవ. తయారయ్యేవి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలు. హాలండులో ఎవరో బురదకాళ్లతో ఇల్లు చేరుతున్నారు కాబట్టి ఇక్కడ పదిహేడు కుటుంబాలు అన్నం తింటున్నాయి. గేటు మీద "పవిత్రన్ ఎక్స్‌పోర్ట్స్" అన్న బోర్డు మాత్రం షెడ్డు కన్నా వెడల్పు. గాలివాన వస్తే ముందు బోర్డుని కట్టి తర్వాత మనుషుల సంగతి చూస్తారు.

"ఇది పట్టుకో చేట్టా. కదలకు," అని నిమిష టేపు కొసని పక్కన నిలబడ్డ అతని చేతిలో పెట్టింది. మొహం కూడా చూడలేదు. కేరళలో చేట్టా అంటే అన్నా అని. కూలివాణ్నీ అనొచ్చు, కండక్టర్నీ అనొచ్చు, కట్టుకున్నవాణ్నీ అనొచ్చు. ఆ పట్టుకున్నవాడు ప్రశోభ్, పవిత్రన్ గారి ఒక్కగానొక్క కొడుకు. ఆ సంగతి చెబుదామనుకున్నాడు గానీ, చెబితే టేపు తీసేసుకుంటుందేమోనని ఊరుకున్నాడు.

"ఏం కొలుస్తున్నావమ్మాయ్?" పవిత్రన్ గారు తెల్లపంచె సర్దుకుంటూ వచ్చారు.

"మీ సరుకు సార్. ఓడలో ఎంత చోటు కావాలో చూడాలి కదా. కొచ్చి షిప్పింగ్ ఆఫీసు నుంచి నన్ను పంపింది అందుకే."

"చూడక్కర్లేదు. నిండు కంటైనర్. రాసుకో."

నిమిష రాసుకోలేదు. కట్టలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచింది. పెదాలు కదిపింది. ఆ కదిలే పెదాలు చూస్తూ ప్రశోభ్ టేపు కొస రెండుసార్లు జారవిడిచాడు.

"పదకొండు క్యూబిక్ మీటర్లు," అంది చివరికి. "చిన్న కంటైనర్‌లో ఇరవై ఎనిమిది దాకా పడుతుంది. మీది సగం కూడా రాదు సార్. వాటాలో పంపండి. మీలాంటి నలుగురి సరుకూ మా గోడౌన్‌లో కలిపి, ఒక కంటైనర్ చేసి మేమే ఎక్కిస్తాం."

వాటా అన్న మాటకి ఆరు మగ్గాలూ ఆగిపోయాయి.

"రెండేళ్ల కిందట వాటాలోనే పంపాను," అన్నారు పవిత్రన్ గారు, తగ్గిన గొంతుతో. "నా పట్టాల పక్కన ఎవడో ఎండుచేపలు పెట్టాడు. నెల్లాళ్ల ప్రయాణం. అక్కడ ఒక ముసలావిడ కాళ్లు తుడుచుకుని లోపలికెళితే పిల్లి ఆవిడ పాదాలు వదల్లేదట. నాకు ఉత్తరం వచ్చింది."

"పిల్లి రాసిందా సార్?"

ప్రశోభ్ ఫక్కున నవ్వాడు. తండ్రి చూసిన చూపుకి ఆ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు.

"వాసనొచ్చే సరుకు మేం వేరే పెడతాం," అంది నిమిష.

"వాసనొక్కటేనా? ఎన్ని చేతులు మారాలి? ఎవడి కాగితం తేడా వచ్చినా నా సరుకు కూడా ఆగిపోవాలి."

"అది నిజమే. పదిహేను దాటితే నేనే మిమ్మల్ని నిండు కంటైనర్ తీసుకోమంటాను. మీ గేటు దగ్గర సీలు వేస్తే మళ్లీ కొన్నవాడి దగ్గరే తెరుస్తారు. మధ్యలో ఇంకెవరి సరుకూ కలవదు. కానీ మీది పదకొండు సార్. సగం ఖాళీగా పంపితే సముద్రం మీద కట్టలన్నీ అటూ ఇటూ దొర్లుతాయి."

"ప్రశోభూ, ఈ అమ్మాయికి నువ్వైనా చెప్పరా."

నిమిష అప్పుడు చూసింది టేపు పట్టుకున్న మనిషిని. "మీరు వీళ్లబ్బాయా? అయితే సార్ అనాలన్నమాట."

"చేట్టా బాగానే ఉంది."

"కుదరదు సార్," అని టేపు వదిలింది. అది సర్రున అతని చేతిలోంచి జారి ఆమె గుప్పిట్లోకి వెళ్లిపోయింది. గొడుగు విప్పుకుని వానలో వెళ్లిపోయింది.

ఇంతకీ పవిత్రన్ గారి పట్టుదల ఎండుచేపల మీద కాదు. కాలవకి అవతలి ఒడ్డున భార్గవన్ ఉన్నాడు. అతనిది కొబ్బరిపీచు పూలకుండీల ఫ్యాక్టరీ, అవీ అదే హాలండు వ్యాపారికి పోతాయి. కిందటి ఏడాది భార్గవన్ గేటు ముందుకి ఏకంగా నిండు కంటైనర్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, టైరు కింద నిమ్మకాయ పెట్టారు, చెండ డోళ్ల మేళం పెట్టించారు. కంటైనర్ తలుపు పక్కన భార్గవన్ చేతులు కట్టుకుని నిలబడ్డ ఫోటో ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు, పైన చిన్న బల్బు కూడా. మా ఊళ్లో ఎన్నేళ్లు ఎగుమతి చేసినా, కంటైనర్ గేటు ముందుకు రానివాణ్ని ఎవరూ ఎక్స్‌పోర్టర్ అనరు. సరుకు మినీలారీలో కొచ్చికి పంపుకునేవాణ్ని పట్టాలాయన అంటారు. పవిత్రన్ గారు ముప్పై ఏళ్లుగా పట్టాలాయనే.

తర్వాతి వారం ప్రశోభ్ నిమిషకి నాలుగుసార్లు ఫోన్ చేశాడు. కట్టలకి జనపతాడు మంచిదా ప్లాస్టిక్ తాడా అని ఒకసారి. వానాకాలంలో ఓడలు వెళ్తాయా అని ఒకసారి.

"ఓడలు ఎప్పుడూ నీళ్ల మీదే వెళ్తాయి సార్," అంది నిమిష. "ఇంకేమైనా అనుమానాలా?"

"సరుకు ఎక్కించేటప్పుడు మీరు మళ్లీ వస్తారు కదా?"

"వాటా సరుకైతే ఎందుకొస్తాం? మీరే గోడౌన్‌కి పంపేయాలి. నిండు కంటైనర్‌కే ఆఫీసు మనిషి గేటు దగ్గరికొచ్చి, దగ్గరుండి సీలు వేయించేది."

ప్రశోభ్ నోరు అతని అనుమతి తీసుకోలేదు. "అయితే నిండు కంటైనరే. కొన్నాయన ఆర్డర్ పెంచాడు. ఇరవై ఆరు."

"ఖాయమా? వచ్చి కొలవాలా?"

"వద్దొద్దు. నేనే కొలిచా."

అవతల పెన్ను గీసిన చప్పుడు. "మొన్న టేపు రెండో కొస పట్టుకుంది మీరే కదా, కొలత మీకూ తెలుసు. మీ మాట మీద రాసేస్తున్నాను సార్. నా సంతకంతో పోయే మొదటి కంటైనర్ ఇది."

అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. పైగా ఇంట్లో తండ్రికి "నిండు కంటైనర్ వస్తోంది" అని చెబితే ఆయన కొడుకుని పదేళ్ల తర్వాత కౌగిలించుకున్నారు. ఇక ఎలా చెబుతాడు? మగ్గాల వాళ్లని బతిమాలి రోజూ రెండు గంటలు ఎక్కువ నేయించాడు. పది రోజులకి పదకొండు కాస్తా పన్నెండైంది.

ఆ రోజు రానే వచ్చింది. గేటు ముందు నీలం రంగు కంటైనర్, దాని ముందు పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద పవిత్రన్ గారు, ఒక ఓడ, భూగోళం, ఎందుకో ఒక విమానం. ఐదుగురు చెండ వాళ్లు. నీలం చొక్కాల లోడింగ్ కూలీలు, వాళ్ల మేస్త్రీ కుంజుమోన్. పాయసం, అరటిపండు బజ్జీలు. అవతలి ఒడ్డున భార్గవన్ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు కింద పాలు లేని టీ తాగుతూ కూర్చున్నాడు. పొద్దున ఏడింటి నుంచీ అక్కడే ఉన్నాడు.

పదింటికి ఎక్కించడం మొదలైంది. పదకొండు కాకుండానే అయిపోయింది. మేళం వాళ్లని పన్నెండు దాకా మాట్లాడారు కాబట్టి వాళ్లు ఆపలేదు. లోపలి గోడకి ఆనుకుని సగం కూడా రాని కట్టలు, ఇవతల బోలెడు ఖాళీ. ఆ ఖాళీలోకి తొంగిచూస్తూ జనం, వాళ్ల వెనక హోరుగా చెండ.

నిమిష టేపు తీసి కంటైనర్లోకి ఎక్కింది. ప్రశోభ్ కూడా వెనకే ఎక్కాడు. లోపల ఏం మాట్లాడినా రెండుసార్లు వినిపిస్తోంది.

"ఇదేంటి సార్?"

"పన్నెండు."

"కాగితం మీద ఇరవై ఆరు. కింద నా సంతకం."

"నిండు కంటైనర్‌కే ఆఫీసు మనిషి వస్తుందన్నారు," అన్నాడు ప్రశోభ్. "మీరు రావాలని చెప్పాను."

నిమిష టేపుని చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"నన్ను చూడాలనుకుంటే కొచ్చి బస్సెక్కితే సరిపోయేది. గంటన్నర దారి. దానికి నా ఉద్యోగాన్ని ఇందులో ఎక్కించాలా? మూడింటికి ఈ బండి రేవులో ఉండాలి. సగం కూడా లేని కంటైనర్‌కి నిండు అని రాసి సంతకం పెట్టినదాన్ని రేపట్నుంచి ఎవరుంచుకుంటారు? ఈ ఒక్క సంతకం కోసం మూడేళ్లు గోడౌన్లో లెక్కలు రాశాను నేను." ఆమె కళ్లు తడయ్యాయి. "మీ మాట నమ్మాను. కొలవకుండా రాసింది ఇదొక్కటే."

ప్రశోభ్‌కి సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. ఆ పిల్లంటే ప్రాణమని ఆ క్షణంలోనే తెలిసింది, చెప్పే మొహం లేదనీ అప్పుడే తెలిసింది.

బయట పవిత్రన్ గారు అప్పటికే పరిష్కారాలు కనిపెడుతున్నారు. "పాత మగ్గాలు ఎక్కించండి. కొబ్బరి డొక్కలు ఎక్కించండి. మా అత్తగారి పందిరిమంచం ఉంది, అది బాగా చోటు తింటుంది."

"హాలండు వాడు మంచం చూసి ఏమనుకుంటాడు?" అన్నాడు కుంజుమోన్. "దానికన్నా మేళం వాళ్లని ఎక్కించండి షావుకారు గారూ. దారి పొడుగునా మోగుతూ వెళ్తారు."

ప్రశోభ్ కంటైనర్లోంచి దిగి తిన్నగా కాలవ వైపు నడిచాడు. గట్టున కట్టేసున్న పడవ తాడు విప్పాడు.

"ఒరే, ఎక్కడికి?" అన్నారు పవిత్రన్ గారు. "ఆ ఒడ్డున అడుగుపెట్టావంటే నా పరువు నీళ్లలో కలిసినట్టే."

"నీళ్లలో కలపక్కర్లేదు నాన్నా. దాటిస్తే చాలు," అని తెడ్డు వేశాడు.

భార్గవన్ టీ గ్లాసు కింద పెట్టాడు. ఈ ఘడియ కోసం అతను ఏడాదిగా ఎదురుచూస్తున్నాడు. ఎకసెక్కాలు వరసగా పేర్చుకుని ఉన్నాడు. "ఏం అల్లుడూ, నిండిందా? తలుపులు పడట్లేదా?" అని మొదలుపెట్టాడు.

"నిండలేదు మామా. పన్నెండే. ఇరవై ఆరని నేనే అబద్ధమాడాను. నాన్న తప్పు లేదు, ఆ అమ్మాయి తప్పు అసలే లేదు. కానీ ఉద్యోగం ఆ అమ్మాయిదే పోతుంది."

ఒడ్డు మీద పదిమంది విన్నారు. ఇంత తిన్నగా ఒప్పుకుంటే ఇంకేమని ఎకసెక్కం చేస్తాడు? భార్గవన్ కింద పెట్టిన టీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ షెడ్డులో కుండీలున్నాయి," అన్నాడు ప్రశోభ్. "కొన్నవాడూ ఒకడే, రేవూ ఒకటే. ఎంతున్నాయి?"

"ఇరవై ఎనిమిది. నిండు కంటైనర్‌కి. వచ్చే వారం. కాగితాలన్నీ సిద్ధం."

"మామా."

భార్గవన్ గొడుగు అటు నుంచి ఇటు మార్చుకున్నాడు. "పద్నాలుగు," అన్నాడు గొడుగు కిందకి చూస్తూ.

"కిందటేడు?"

"కిందటేడు తొమ్మిదే రా. మిగతాదంతా గాలి. హాలండులో దిగేసరికి కుండీలు సగం అప్పడాలైపోయాయి. ఆ ఫోటో ముందు నుంచి వెళ్లినప్పుడల్లా మొహం తిప్పుకుంటాను. బల్బు నా భార్య పెట్టించింది." ఆ మాట పైకి అనేశాక మనిషి తేలికపడ్డాడు. "ఇప్పుడు ఊరంతటికీ తెలుస్తుందంటావా?"

"అందరి కన్నా ముందు మా నాన్నకి నా సంగతి తెలిసింది మామా. నేను బతికే ఉన్నాను."

భార్గవన్ లేచి పంచె ఎగ్గట్టాడు. రెండే షరతులు పెట్టాడు. తన కుండీలు వచ్చేటప్పుడు మేళం మళ్లీ మొదటి నుంచి వాయించాలి. ఫ్లెక్సీ మీద తన మొహం కూడా ఉండాలి.

ఫ్లెక్సీ మళ్లీ కొట్టించే టైము ఎక్కడిది? హాల్లోని ఫ్రేము దించి, తీసుకొచ్చి, సరిగ్గా విమానం మీద కట్టారు. పవిత్రన్ గారు అది చూసి పళ్లు నూరారు గానీ, వెనక్కి తిరిగి కంటైనర్లో మిగిలిన ఖాళీ చూసి ఫ్రేము తాడు తనే బిగించారు. నిమిష హాలండు వ్యాపారికి ఫోన్ చేసింది. అక్కడప్పుడు తెల్లారి ఎనిమిది. ఇద్దరి సరుకూ ఒకేసారి వస్తే నాకూ మంచిదే అన్నాడు ఆయన. ఆఫీసులో కాగితాలు రెండు పేర్లతో మార్చారు.

సరిగ్గా అప్పుడే వాన అందుకుంది. మూడు పడవల్లో కుండీలు, వాటి మీద టార్పాలిన్లు, టార్పాలిన్ చాలని చోట అరటాకులు. పీచు తడిస్తే బూజు పడుతుంది. ఒడ్డు నుంచి కంటైనర్ దాకా ఆడా మగా బారులు తీరి గొడుగులు పట్టారు. నిమిష తన గొడుగుని కుండీల మీద పట్టి తను తడిసింది. ప్రశోభ్ ఒక అరటాకు తెచ్చి ఆమె తలమీద పట్టాడు.

"కుండీల మీద పట్టండి సార్," అంది. అటే పట్టాడు.

ఆఖరి కట్ట ఎక్కాక నిమిష టేపు తీసింది. ఒక కొస చాపి, ఎవరివైపూ చూడకుండా పట్టుకుంది. ప్రశోభ్ వచ్చి ఆ కొస పట్టుకున్నాడు. ఈసారి జారవిడవలేదు.

"ఇరవై ఆరు," అంది నిమిష.

సీలు ఎవరు వేయాలన్నది పెద్ద రగడ అయ్యేదే. కుంజుమోన్ ఇద్దరు పెద్దమనుషుల అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి సీలు తాలూకు ఇనప మేకుని ఒకేసారి నొక్కించాడు. టక్కుమంది. వాళ్లు చేతులు తీయడం మరిచిపోయి అలాగే కాసేపు నిలబడ్డారు.

"భార్గవన్ మామ సంగతి మీకు ముందే తెలుసా?" ప్రశోభ్ నిమిష స్కూటర్ దాకా వెళ్లి అడిగాడు.

"ఆయన సరుకూ మా ద్వారానే పోతుంది, ఫైల్లో ఉంది. ఎవరి షెడ్డులో ఎంతుందో బయటకి చెప్పే పని కాదు మాది." హెల్మెట్ పెట్టుకుంది. "మీరు కాలవ దాటకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. ఉద్యోగం పోయినా."

"నిమిషా, నేను..."

"రేవుకి టైమైంది సార్."

ఆ రాత్రి నుంచి ప్రశోభ్ ఆమెకి రోజూ ఒక మెసేజ్ పెట్టాడు. ప్రేమ మాట ఒక్కటీ లేదు. ఈరోజు ఎనభై పట్టాలు నేశాం, అందులో ఆరు వంకర. ఈరోజు నాన్నతో అబద్ధమాడబోయి మానేశాను. ఈరోజు అరటిపండు బజ్జీలు మూడు తిన్నాను, అమ్మకి రెండని చెప్పి, మళ్లీ వెళ్లి మూడని చెప్పాను. మెసేజ్ చూసినట్టు నీలం గీతలు పడేవి, జవాబు వచ్చేది కాదు. అలా ముప్పై నాలుగు రోజులు. తండ్రి మాత్రం ఊళ్లో ఇప్పుడు ఎక్స్‌పోర్టర్. భార్గవన్‌తో కలిసి టీకొట్టు దగ్గర కూర్చుని "మా కంటైనర్" అంటున్నారు.

ముప్పై అయిదో రోజు జవాబొచ్చింది. "సరుకు దిగింది. ఒక్క కుండీ కూడా నలగలేదు. పిల్లి రాలేదు."

దాని కింద ఇంకోటి. "ఆదివారం పెద్దవాళ్లతో మా ఇంటికి రావచ్చు. ఎంతమందో ముందే చెప్పాలి. అమ్మ బజ్జీలు వేయాలి."

ప్రశోభ్ ఆ మెసేజ్‌ని తల్లికి చదివి వినిపించాడు, తర్వాత మగ్గాల వాళ్లకి, తర్వాత కుంజుమోన్‌కి. పవిత్రన్ గారు విన్నవారు విన్నట్టే లేచి ఫోన్ తీసి నలభై తొమ్మిది సీట్ల బస్సు మాట్లాడేశారు.

"నాన్నా, మనం పదకొండుమందిమి. రెండు కార్లు చాలు."

"పెళ్లిచూపులకి వాటా బండిలో వెళ్తామా?" అన్నారు పవిత్రన్ గారు. "నిండు బస్సు. మిగతా సీట్లు భార్గవన్ నింపుతానన్నాడు."

ప్రశోభ్ నెత్తి కొట్టుకుని నిమిషకి ఫోన్ చేశాడు. "మావాళ్లు పదకొండు. భార్గవన్ మామ వైపు ముప్పై ఒకటి. చెండ వాళ్లు అయిదుగురు, వద్దంటే వినట్లేదు. మొత్తం నలభై ఏడు. రెండు సీట్లు ఖాళీ. ఒకటి విరిగింది, ఒకటి మామ కాలు చాపుకోవడానికి."

అవతల ఫోన్ చేత్తో మూసి నవ్వుతున్నట్టుంది.

"సరే సార్. రండి. చూస్తాను," అంది.

ఆదివారం బస్సు కొచ్చి తొప్పుంపడిలో నిమిష ఇంటి సందు మొదట్లో ఆగింది. సందులోకి పట్టలేదు. గేటు దగ్గర నిమిష నిలబడి ఉంది, పక్కన వాళ్లమ్మ, నలభై ఏడు ప్లేట్లు. బస్సు ఆగీ ఆగకముందే ప్రశోభ్ దూకేశాడు. మేళం కన్నా ముందు, తండ్రి కన్నా ముందు, సందు పొడుగునా పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నలభై ఎనిమిది," అన్నాడు ఆయాసపడుతూ. "దారిలో చేర్తల దగ్గర కుంజుమోన్ ఎక్కాడు. మామ కాలు ముడుచుకోవాల్సొచ్చింది. బయల్దేరేటప్పుడు నలభై ఏడే, నిజం."

నిమిష వాళ్లమ్మ లోపలికి తిరిగి "ఇంకో ప్లేటు తెండి" అని కేకేసింది. తర్వాత కుర్రాణ్ని ఎగాదిగా చూసి, కూతురితో "ఇతనే కదూ, మూడు బజ్జీల అబ్బాయి?" అంది.

ప్రశోభ్ అటు బస్సు వైపు చూపించాడు. ఒక్కొక్కరే దిగుతున్నారు. "కావాలంటే లెక్కపెట్టుకోండి."

"నేను లెక్కపెట్టను," అంది నిమిష. "లోపలికి రా, చేట్టా."